స్థలం, ఇల్లు, పొలం కొనేముందు అమ్మేముందు అందరూ అడిగే డౌట్లు

ఖమ్మం జిల్లాలో ఆంధ్రా బోర్డర్‌కి దగ్గర్లో ఉన్న టౌన్‌లో దస్తావేజులు రాసే షాపు మాది, నాన్న తర్వాత ఇప్పుడు నేను చూసుకుంటున్నా. అటువాళ్ళూ ఇటువాళ్ళూ వస్తారు, రోజూ దాదాపు అవే డౌట్లు, బాధ ఏంటంటే అందులో సగం అడ్వాన్స్ ఇచ్చేశాక అడుగుతారు. పది రోజులు ముందొచ్చి అడిగుంటే వీళ్ళ డబ్బు పోకుండా ఆగేది కదా అనుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి, అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. తెలంగాణకి ఆంధ్రాకి రూల్ వేరుగా ఉన్నచోట విడిగా చెప్పా.

## అడ్వాన్స్ ఇవ్వకముందు

అమ్మేవాడే అసలు ఓనరని ఎలా నమ్మాలి? ఏ కాగితాలు అడగాలి?

లింక్ డాక్యుమెంట్లు అడగండి, కనీసం 30 ఏళ్ళవి. ఈ దస్తావేజులో అమ్మిన మనిషి ముందు దస్తావేజులో కొన్నమనిషి అయ్యుండాలి, అలా వెనక్కి వెళ్తూ పేరూ తండ్రిపేరూ సర్వే నంబరూ విస్తీర్ణం గొలుసులా కలవాలి. మధ్యలో ఎవరైనా చనిపోయి ఆస్తి వారసులకి వచ్చుంటే అక్కడ డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, పంచుకుని ఉంటే పారీఖత్తు కూడా ఉండాలి. జిరాక్స్ చూసి సరే అనొద్దు, ఒరిజినల్ చేత్తో పట్టుకుని చూడాలి. ఒరిజినల్ ఇంట్లో లేదు, మా తమ్ముడి దగ్గరుంది అన్నారంటే చాలాసార్లు అది ఏ బ్యాంకులోనో ఫైనాన్స్ దగ్గరో తాకట్టులో ఉంటుంది.

ఈసీ క్లియర్‌గా వచ్చింది, ఇంక భయం లేదు కదా?

ఈసీ అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అందులో రిజిస్టర్ అయినవి మాత్రమే కనపడతాయి. నోటి మాటగా జరిగిన పంపకాలు, రిజిస్టర్ చేయని వీలునామా, కోర్టులో నడుస్తున్న కేసు, తెల్లకాగితం మీద రాసుకున్న అగ్రిమెంట్, ఇవేవీ అందులో రావు. ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే, అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత ఇండెక్స్ పుస్తకాలు వెతికించాలి. ఇంకో సంగతి, సర్వే నంబర్‌తో ఒకసారి, ఇంటి నంబర్ లేదా ప్లాట్ నంబర్‌తో ఇంకోసారి తీయండి, ఎందుకంటే పాత దస్తావేజుల్లో ఒక్కోదాంట్లో ఒక్కోరకంగా ఎక్కించి ఉంటారు, ఒకదాంతో వెతికితే రెండోది బయటపడదు. ఊరు ఒక ఆఫీసు కింద నుంచి ఇంకో ఆఫీసు కిందకి మారి ఉంటే రెండు చోట్లా తీయాలి. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే మళ్ళీ ఒకటి తీయించండి, వారం కిందటి ఈసీకి ఈరోజుకి మధ్య ఏదైనా జరగొచ్చు.

పాస్‌బుక్‌లో ఆయన పేరే ఉంది, అది చాలదా?

చాలదు. పాస్‌బుక్, పహాణీ, అడంగల్, 1బీ ఇవన్నీ రెవెన్యూ రికార్డులు, శిస్తు ఎవరి పేరు మీద ఉంది సాగులో ఎవరున్నారు అనేదానికి ఆధారం. రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు రాదని సుప్రీంకోర్టు చాలా తీర్పుల్లో చెప్పింది. ఆ పేరు ఎలా వచ్చింది, కొన్నారా వారసత్వమా గిఫ్టా అనేది చూపించే కాగితం కావాలి. తెలంగాణలో ఈ రికార్డులకి 2020 అక్టోబర్ నుంచి ధరణి పోర్టల్ ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి దాని స్థానంలో భూ భారతి వచ్చింది. ఆంధ్రాలో మీభూమి సైట్‌లో చూసుకోవచ్చు.

22ఏ లిస్టులో ఉందంటున్నారు, అంటే ఏంటి?

రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ సెక్షన్ కింద పెట్టిన నిషేధిత జాబితా అది. ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగ్‌లో (భూ పరిమితి చట్టం కింద) మిగులుగా తేలినవి అందులో ఉంటాయి, వాటికి రిజిస్ట్రేషన్ అవదు. ఒక్కోసారి పెద్ద సర్వే నంబర్‌లో రెండెకరాలే ప్రభుత్వానిది అయినా నంబర్ మొత్తం లిస్టులో పెట్టేస్తారు, అప్పుడు నిజమైన పట్టాదారు కలెక్టర్‌కి అప్లికేషన్ పెట్టుకుని తీయించుకోవాలి. అది తీయించుకునే పని అమ్మేవాళ్ళది, తీయించుకున్నాకే అడ్వాన్స్ మాట్లాడండి. నేను తీయిస్తాలే నువ్వు సగం కట్టేయ్ అంటే ఒప్పుకోవద్దు.

అసైన్డ్ భూమి, ఏజెన్సీ భూమి తక్కువ రేటుకి వస్తుంటే కొనొచ్చా?

అసైన్డ్ భూమి పేదలకి సాగుకోసం ప్రభుత్వం ఇచ్చింది, 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మడం చెల్లదు, మీరు డబ్బంతా కట్టినా ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయి గానీ మీరు చూస్తున్న భూమికి వర్తిస్తుందో లేదో తహసీల్దార్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తేలాలి. ఏజెన్సీలో, అంటే భద్రాచలం వైపు, అల్లూరి జిల్లా మన్యంలో, 1/70 అనే చట్టం ఉంది. అక్కడ గిరిజనులు కానివాళ్ళు గిరిజనుల దగ్గరే కాదు ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా కొనకూడదు. స్టాంప్ పేపర్ మీద రాసుకుంటాం, అందరూ అలాగే కొంటున్నారు అంటారు, ఆ కాగితానికి విలువ లేదు.

అన్నదమ్ములు అందరూ సంతకం పెడుతున్నారు, పెళ్ళైపోయిన ఆడపిల్లల సంతకాలు కూడా కావాలా?

కావాలి. మా షాపులో ఎక్కువ గొడవలు చూసింది దీని మీదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలో తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకి తాతల ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. తర్వాత 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశం మొత్తం మీద, పెళ్ళి అయినా కాకపోయినా, కూతురికి సమాన హక్కు ఇచ్చారు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబర్ 20 కంటే ముందే రిజిస్టర్ అయిన పంపకాలు, అమ్మకాలు ఉంటే వాటిని మాత్రం కదపరు.

తండ్రి సొంత సంపాదనతో కొన్నదైతే ఆయన బతికుండగా ఒక్కడే అమ్ముకోవచ్చు. వీలునామా రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్ళు, ఆయన తల్లి బతికుంటే ఆవిడ కూడా, అందరికీ సమాన వాటా. పెళ్ళప్పుడు కట్నం ఇచ్చేశాం కదా అనేది కోర్టులో పనికిరాదు.

ఒక టీచర్ గారు రెండు వందల గజాలు ముగ్గురు అన్నదమ్ముల దగ్గర కొన్నారు, చెల్లెలు వేరే ఊళ్ళో ఉంది, ఆవిడేం అడగదు అన్నారు. పునాది అయ్యి పిల్లర్లు లేచాక ఆవిడ పార్టిషన్ సూట్ (వాటా పంచమని దావా) వేసి స్టే తెచ్చుకున్నారు. ఆ ఇనపచువ్వలు అలాగే పైకి లేచి తుప్పు పట్టి ఎర్రటి నీళ్ళు కారుతుంటే ఆ దారిన వెళ్ళిన ప్రతిసారీ చూస్తా. తప్పు ఆ చెల్లెలిది కాదు, ఆవిడ వాటా ఆవిడ అడిగింది. మధ్యవర్తి అన్నదమ్ములతో ఆవిడకి ఒక్క ఫోన్ చేయించి ఉంటే, ఆవిడకి ఇవ్వాల్సింది ఇప్పించి సంతకం తీసుకుని ఉంటే, ఇద్దరూ బాగుండేవాళ్ళు.

స్థలం దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం చూడాలి?

దస్తావేజు చేతిలో పట్టుకుని వెళ్ళండి. తూర్పు ముఖంగా నిలబడి హద్దులు పైకి చదవండి, తూర్పున ఫలానా వాళ్ళ ఇల్లు, దక్షిణం 20 అడుగుల రోడ్డు అని ఉంటే అక్కడ నిజంగా ఆ ఇల్లు ఆ రోడ్డు ఉన్నాయా చూడండి, రోడ్డుని టేపుతో కొలవండి. పక్క స్థలం ఆయన్ని పలకరించండి, ఊళ్ళో వాళ్ళకి తెలియని గొడవ ఉండదు. పొలమైతే సాగు ఎవరు చేస్తున్నారు, కౌలుదారు ఎవరైనా ఉన్నారా అడగండి, సర్వేయర్‌తో కొలిపించండి. ఎకరం అంటే ఆంధ్రాలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు, ఎక్కడైనా 4840 గజాలే, కాగితం మీద లెక్క భూమి మీద సరిపోవాలి. వీలైతే వానాకాలంలో ఒకసారి చూడండి, ఎండాకాలంలో మైదానంలా కనపడింది ఆగస్టులో వాగు దారి అని తెలుస్తుంది. చెరువు దగ్గర్లో అయితే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ కట్టడాలు కట్టకూడని జాగా) మ్యాప్ చూడకుండా కదలొద్దు, 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా వచ్చాక హైదరాబాద్‌లో ఏమైందో అందరం చూశాం.

అనుమతి లేని వెంచర్‌లో ప్లాట్ సగం రేటుకి ఇస్తున్నారు, తీసుకోవచ్చా?

నా మాటైతే వద్దు. లేఅవుట్లకి అనుమతులిచ్చే డీటీసీపీ గానీ, హెచ్‌ఎండీఏ, సీఆర్‌డీఏ లాంటి సంస్థల అనుమతి గానీ లేకపోతే ఇల్లు కట్టడానికి పర్మిషన్ రాదు, బ్యాంకు లోన్ ఇవ్వదు, రేపు అమ్మాలన్నా అదే సమస్య. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని ప్లాట్లని ఫీజు కట్టించుకుని క్రమబద్ధం చేసే స్కీము) వచ్చినప్పుడు కట్టుకుందాంలే అనేది ఆశే, వస్తుందనే గ్యారంటీ లేదు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వేసే వెంచర్ గానీ 8 ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంట్ గానీ రెరాలో (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్ అవ్వాలి, ఆ నంబర్ అడిగి రెరా సైట్‌లో మీరే కొట్టి చూడండి.

## అగ్రిమెంట్ దగ్గర

టోకెన్ అడ్వాన్స్ ఇచ్చాం, ఇప్పుడు వద్దనుకుంటే డబ్బు వెనక్కి వస్తుందా?

ఏం రాసుకున్నారో దాని మీద ఉంటుంది. కాగితాల్లో లోపం వల్లో అమ్మేవాళ్ళు మాట తప్పడం వల్లో ఆగిపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాల్సిందే. మీకు మనసు మారి ఆగిపోతే, అగ్రిమెంట్‌లో అలా రాసుంటే, బయానా పోవచ్చు. అందుకే టోకెన్ ఇచ్చేటప్పుడే "లాయర్ కాగితాలు చూసి సరే అంటేనే, లేకపోతే 15 రోజుల్లో పూర్తిగా వాపసు" అని ఒక్క వాక్యం రసీదులో రాయించండి.

అగ్రిమెంట్‌ని నోటరీ చేయిస్తే సరిపోతుందా?

నోటరీ వల్ల సంతకం పెట్టింది వీళ్ళే అని తెలుస్తుంది, అంతే. మన రెండు రాష్ట్రాల్లో 1999 నుంచి సేల్ అగ్రిమెంట్ కూడా రిజిస్టర్ చేయాల్సిన పత్రాల్లోకి వచ్చింది. రిజిస్టర్ చేస్తే ఈసీలో పడుతుంది, ఇంకొకరికి అమ్మబోతే వాళ్ళకి కనపడుతుంది. రిజిస్టర్ చేయకపోయినా అవతలివాళ్ళు మాట తప్పితే కోర్టులో స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ కేసులో (ఒప్పుకున్నట్టే అమ్మించమని వేసే కేసు) దాన్ని చూపించొచ్చు, కానీ గడువు తేదీ నుంచి మూడేళ్ళలోపు వేయాలి, పైగా మిగతా డబ్బుతో నేను మొదట్నుంచీ సిద్ధంగానే ఉన్నా అని మీరు నిరూపించుకోవాలి. గడువు దగ్గరపడుతుంటే రిజిస్టర్ పోస్టులో ఒక నోటీసు పంపండి, ఫోన్లో ఎన్నిసార్లు అడిగినా దానికి సాక్ష్యం ఉండదు. అగ్రిమెంట్ ఒక్కదానితోనే ఆస్తి మీది అవదు, సేల్ డీడ్ రిజిస్టర్ అయితేనే అవుతుంది.

జీపీఏ మీద కొనొచ్చా?

జీపీఏ అంటే ఓనర్ తన తరపున పనిచేయమని ఇంకొకరికి ఇచ్చే అధికార పత్రం. ఆ కాగితమే మీకు హక్కుగా ఇస్తామంటే వద్దు, జీపీఏ, అగ్రిమెంట్, వీలునామా కలిపి ఇచ్చినా ఆస్తి మారదని 2011లో సుప్రీంకోర్టు చెప్పేసింది. జీపీఏ హోల్డర్ ఓనర్ తరపున మీకు సేల్ డీడ్ చేస్తే అది చెల్లుతుంది. అలాంటప్పుడు ఓనర్ బతికున్నారా, జీపీఏ రద్దు చేశారా అన్నది అది రిజిస్టర్ అయిన ఆఫీసులో కనుక్కోండి, ఓనర్‌తో వీడియో కాల్‌లో స్వయంగా మాట్లాడండి. మామూలుగా ఓనర్ చనిపోయిన రోజే జీపీఏ పవర్ అయిపోతుంది.

అడ్వాన్స్ క్యాష్‌లో ఎంతవరకు ఇవ్వొచ్చు?

ఆస్తి విషయంలో 20,000 గానీ ఆపైన గానీ క్యాష్‌లో తీసుకోకూడదు, తీసుకున్నవాళ్ళకి అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు. చెక్కు లేదా బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేసి ఆ నంబర్లు, తేదీలు దస్తావేజులో రాయించండి.

బిల్డర్ ఫ్లాట్ బుకింగ్‌కే 30 శాతం కట్టమంటున్నాడు?

రెరా చట్టంలో అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. రేటు కార్పెట్ ఏరియా (గోడల లోపల మీరు వాడుకునే జాగా) మీద చెప్పమనండి. ఫ్లాట్ ఇచ్చాక ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో బాగుచేయాలి.

## రిజిస్ట్రేషన్ రోజు

మొత్తం ఖర్చు ఎంత అవుతుంది, ఎవరు కట్టాలి?

సేల్ డీడ్‌కి ఏ రాష్ట్రంలోనైనా అన్నీ కలిపితే 7.5 శాతమే. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. ఆంధ్రాలో 5, 1.5, 1. మీరు కొన్న రేటు, ప్రభుత్వ మార్కెట్ విలువ, రెండిట్లో ఏది ఎక్కువైతే దానిమీద లెక్క, 40 లక్షలైతే 3 లక్షలు. వేరే మాట అనుకోకపోతే కొనేవాళ్ళే కడతారు.

డాక్యుమెంట్‌లో రేటు తక్కువ చూపిద్దాం అంటున్నారు, నాకేమైనా నష్టమా?

ఉంది. రేపు టైటిల్ పోయి డబ్బు వెనక్కి అడగాల్సి వస్తే కాగితంలో ఉన్నదే మీరిచ్చినట్టు లెక్క, మిగతాది నిరూపించలేరు. మీరు మళ్ళీ అమ్మేటప్పుడు కొన్న రేటు తక్కువ కనపడి లాభం ఎక్కువ తేలి ట్యాక్స్ ఎక్కువ పడుతుంది. లోన్ కూడా తగ్గుతుంది. పైగా అది చట్టవిరుద్ధం.

ఆ రోజు ఏం తీసుకెళ్ళాలి, లోపల ఏం జరుగుతుంది?

ఒరిజినల్ దస్తావేజు, లింకులు, ఆధార్, పాన్, ఫొటోలు, చలానా, ఇద్దరు సాక్షులు. ఇళ్ళు, ప్లాట్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. తెలంగాణలో వ్యవసాయ భూమి మాత్రం స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దార్ ఆఫీసులో, ఆంధ్రాలో పొలం కూడా సబ్ రిజిస్ట్రార్ దగ్గరే. ఫొటో, వేలిముద్రలు తీస్తారు, డబ్బు ముట్టిందా అని అమ్మేవాళ్ళని అడుగుతారు. అంతకంటే ముందు చెక్ స్లిప్ (వివరాలు సరిచూసుకోవడానికి ఇచ్చే ప్రింటు) ఇస్తారు, చాలామంది దాన్ని చూడకుండా సంతకం పెట్టేస్తారు. దయచేసి అలా చేయొద్దు, పక్కన బెంచీ మీద కూర్చుని పేరు, తండ్రిపేరు, సర్వే నంబర్, గజాలు, నాలుగు హద్దులు వేలు పెట్టి ఒక్కోటి చదవండి. 243 సర్వే నంబర్ 234 అయిన కేసు నేను చూశా, అది సరిచేయించడానికి అమ్మిన పెద్దాయన అప్పటికే లేరు, వారసులు ఐదుగుర్ని మూడు ఊళ్ళ నుంచి పిలిపించాల్సొచ్చింది.

అమ్మే ఆవిడ మంచం మీద ఉంది, ఆఫీసుకి రాలేదు, ఎలా?

అప్లికేషన్ పెట్టి ఫీజు కడితే సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వచ్చి సంతకం, వేలిముద్ర తీసుకోవచ్చు. ఆవిడ స్పృహతో, విషయం అర్థమయ్యే స్థితిలో ఉండాలి, డాక్టర్ సర్టిఫికెట్ తీసుకుని పెట్టుకోవడం మంచిది.

సంతకాలు అయిపోయాయి, రిజిస్ట్రేషన్‌కి ఎన్నాళ్ళు టైముంది?

సంతకం పెట్టిన రోజు నుంచి నాలుగు నెలలు. దాటితే ఇంకో నాలుగు నెలల్లోపు జరిమానాతో ఒప్పుకోవచ్చు, అది ఫీజుకి పది రెట్ల దాకా ఉండొచ్చు.

టీడీఎస్ నేను కట్టాలా?

విలువ 50 లక్షలు గానీ ఆపైన గానీ అయితే, ఊళ్ళల్లో వ్యవసాయ భూమి కాకపోతే, కొనేవాళ్ళు 1 శాతం పట్టుకుని మిగతాది ఇచ్చి ఆ 1 శాతం అమ్మినవాళ్ళ పాన్ మీద ఇన్‌కమ్ ట్యాక్స్‌కి కట్టాలి. అమ్మేవాళ్ళు ఎన్ఆర్ఐ అయితే ఈ 50 లక్షల పరిమితి లేదు, రేటు కూడా వేరే, ముందే ఆడిటర్‌ని కలవండి, ఎందుకంటే పట్టుకోకపోతే ఆ బాకీ మీ మెడకే వస్తుంది.

## రిజిస్ట్రేషన్ అయ్యాక

డాక్యుమెంట్ చేతికొచ్చింది, ఇంకేమైనా చేయాలా?

మ్యుటేషన్, అంటే రికార్డుల్లో మీ పేరుకి మార్పించుకోవడం. తెలంగాణలో వ్యవసాయ భూమికి రిజిస్ట్రేషన్‌తో పాటే పేరు మారుతుంది. ఆంధ్రాలో అడంగల్, 1బీలో మీ పేరు ఎక్కిందా లేదా చూసుకుని ఎక్కకపోతే అడగండి. ఇల్లయితే మున్సిపాలిటీ లేదా పంచాయతీ పన్ను, కరెంటు మీటర్, నల్లా కనెక్షన్ మీ పేరు మీదికి మార్పించండి. ఖాళీ ప్లాటైతే వారంలోపు హద్దురాళ్ళు పాతి కంచె వేయండి, ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఒరిజినల్ దస్తావేజు పోయింది, ఆస్తి పోయినట్టేనా?

పోదు. పోలీస్ కంప్లయింట్ ఇచ్చి, పేపర్లో ప్రకటన వేయించి, రిజిస్టర్ అయిన ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. కాకపోతే మళ్ళీ అమ్మేటప్పుడు కొనేవాళ్ళు భయపడతారు, ఆ కంప్లయింట్, పేపర్ కటింగ్ రెండూ భద్రం.

## అమ్మేవాళ్ళ డౌట్లు

కొంచెం డబ్బు ఆగింది, రిజిస్ట్రేషన్ చేసేయమంటున్నారు, చేయొచ్చా?

చేయొద్దు. రిజిస్టర్ అయ్యాక చెక్కు బౌన్స్ అయినా ఆస్తి వాళ్ళదే. మిగతా డబ్బుకి ఆ ఆస్తి మీద మీకు ఛార్జ్ (ఆస్తి నుంచి బాకీ రాబట్టుకునే హక్కు) ఉంటుంది గానీ దానికోసం కోర్టులో దావా వేసి తిరగాలి. డబ్బు అకౌంట్లో పడిన మెసేజ్ చూశాకే లోపలికి వెళ్ళండి.

అమ్మితే ట్యాక్స్ ఎంత?

కొని 24 నెలలు దాటితే లాభం మీద 12.5 శాతం. 2024 జూలై 23 కంటే ముందు కొన్నదైతే, ఇక్కడే ఉండేవాళ్ళకి, ఇండెక్సేషన్‌తో (కొన్న రేటుని ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచి) 20 శాతం లెక్క వేసుకుని ఏది తక్కువైతే అది కట్టే వీలుంది. మళ్ళీ ఇల్లు కొంటే మినహాయింపులున్నాయి. టౌన్లకి దూరంగా ఉన్న పల్లె వ్యవసాయ భూమికి ఈ ట్యాక్స్ లేదు.

అమెరికాలో ఉన్నా, రాకుండా అమ్మొచ్చా?

నమ్మకమున్న మనిషికి జీపీఏ ఇవ్వొచ్చు. ఇండియన్ కాన్సులేట్‌లో సంతకం పెట్టి అటెస్ట్ చేయించి పంపండి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంప్ డ్యూటీ కట్టి వాలిడేషన్ చేయించాలి. ఏ ఆస్తి, ఏ పని వరకు పవర్ ఇస్తున్నారో స్పష్టంగా రాయించండి, డబ్బు మీ అకౌంట్‌కే పడాలని కూడా. అన్నట్టు ఎన్ఆర్ఐలు ఇక్కడ ఇల్లు, ప్లాట్ కొనొచ్చు గానీ వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు.

ఆస్తి చిన్నపిల్లాడి పేరు మీద ఉంది, తండ్రి సంతకంతో అమ్మొచ్చా?

పిల్లాడి సొంత ఆస్తి అయితే కోర్టు పర్మిషన్ కావాలి. లేకుండా అమ్మితే 18 నిండాక మూడేళ్ళలోపు ఆ అమ్మకం చెల్లదని వాడు కేసు వేయొచ్చు.

## గొడవ వచ్చాక

నేను కొన్న స్థలాన్నే అదే మనిషి ఇంకొకరికి రిజిస్టర్ చేశాడు, ఇప్పుడు ఎవరిది?

ముందు రిజిస్టర్ అయిన మీది, ఎందుకంటే ఒకసారి మీకు అమ్మేశాక ఆయన దగ్గర అమ్మడానికి ఏమీ మిగల్లేదు. అయినా ఊరుకోకుండా పోలీస్ కంప్లయింట్ ఇచ్చి, సివిల్ కోర్టులో డిక్లరేషన్ (ఆస్తి నాదేనని తేల్చమని), ఇంజంక్షన్ (వాళ్ళు జోక్యం చేసుకోకుండా ఆపమని) అడగండి. ఆ రెండో దస్తావేజు రద్దు చేయమని అడగడానికి మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్ళే టైము. స్థలంలో స్వాధీనం వదలొద్దు.

అమ్మినాయన ఒక్కడే వెళ్ళి నా సేల్ డీడ్ రద్దు చేశానంటున్నాడు, అలా కుదురుతుందా?

కుదరదు. కొన్నవాళ్ళు లేకుండా ఒక్కపక్షమే సేల్ డీడ్ రద్దు చేయడం చెల్లదని మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ కలిసి ఒప్పుకుంటే రద్దు దస్తావేజు రాసుకోవచ్చు, లేదంటే కోర్టు ఆర్డర్ ఉండాలి. ఆ రద్దు పత్రం సర్టిఫైడ్ కాపీ తీసుకుని వెంటనే లాయర్‌ని కలవండి, ఈసీలో అది కనపడినన్నాళ్ళు మీకు లోన్ రాదు, కొనేవాళ్ళూ రారు.